వంటవాడేనండి

మీరిప్పుడు సినిమాకి వెళ్తే గేటు దగ్గర ఫోను చూపిస్తారు. అక్కడున్న వస్తువు ఒకటి కీచుమంటుంది, మీరు లోపలికి వెళ్ళిపోతారు. ఆ కీచుమనే వస్తువు ఉన్న చోట ఒకప్పుడు నేనుండేదాన్ని.

రాజోలు వైపు ఒక పాత హాల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపాను. హాలు పేరు రాయను. ఓనరు గారి పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు, నేనూ అక్కడే ఉండాలి. ఇది నేను గొప్పగా పనిచేసిన రోజుల సంగతి కాదు. నన్ను అందరూ గొప్పదాన్ననుకున్న మూడు రోజుల సంగతి. ఆ రెండిటికీ తేడా ఉందని నాకు మూడో రోజున గాని తెలియలేదు.

ముందు గంట గురించి చెప్పాలి. సినిమా అయిపోవడానికి ఐదు నిమిషాల ముందు ఆపరేటరు పై గదిలోంచి గంట కొడతారు. అది వినగానే నేను లోపల్నుంచి వచ్చి, గేట్ల గడియలు తీసి, తలుపులు గోడకి ఆనించి రాళ్ళు పెట్టాలి. తర్వాతి ఆటకొచ్చిన జనం తోసుకురాకుండా అడ్డంగా నిలబడాలి. అంటే ఇన్నేళ్ళలో ఏ సినిమాకీ చివరి ఐదు నిమిషాలు నేను చూడలేదు. ఒక్కదానికి కూడా. పెళ్ళికి వంట చేసేవాళ్ళు తాళి కట్టడం చూడనట్టే ఇదీను.

దానివల్ల నాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు. చివర ఏమవుతుందో చూసి తెలుసుకోవలసిన సినిమాలు మా హాలుకి వచ్చేవి కావు. హీరో గెలుస్తాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది, దుర్మార్గుడు ఎత్తు మీదనుంచి పడతాడు. అందుకే గేటు దగ్గర ఆడవాళ్ళు ఏమడిగినా ధైర్యంగా చెప్పేదాన్ని. మా వైపు ఆడవాళ్ళకి అడగడం అలవాటు. పిల్లలు జడుసుకునే చోటుందా, ఏడుపు ఏ పాట తర్వాత వస్తుంది, చివరికి ఆ పిల్ల బతుకుతుందా. ఇవన్నీ ముందే తెలుసుకుంటే లోపల నిబ్బరంగా కూర్చోవచ్చని వాళ్ళ లెక్క. తెలియదని చెప్పడం నాకు మర్యాదగా తోచేది కాదు. ఊహించి చెప్పేదాన్ని. ఒక్కసారీ తప్పలేదు. దాంతో నా మాటకి హాల్లో ఒక విలువ ఏర్పడింది. నాకు నా మీద అంతకంటే ఎక్కువ నమ్మకం ఏర్పడింది.

రెండో సంగతి, నా చదువు. అక్షరాలు నాకు యాభై నాలుగో ఏట వచ్చాయి. టిక్కెట్ల కిటికీలో కూర్చునే అమ్మాయి ఆటకీ ఆటకీ మధ్య పాత పోస్టర్లు నేల మీద పరిచి నేర్పింది. పోస్టరు మీద అక్షరం మనిషి తలంత ఉంటుంది కనక తొందరగానే పట్టుబడింది. చిన్న అక్షరాలతోనే గొడవ. ఒక్కొక్కదాన్నీ పలకరించుకుంటూ వెళ్ళాలి. అయినా నాకు గర్వం ఆగలేదు. అమలాపురం బస్సులో ప్రతి దుకాణం బోర్డూ పైకి చదివేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వేరే సీటు చూసుకున్న సందర్భాలున్నాయి.

ఇక ఆ సినిమా. కరోనా పోయి హాళ్ళు తెరిచాక కూడా మా హాలుకి జనం తిరిగి రాలేదు. ఓనరు గారు ఒక గురువారం మా నలుగుర్నీ పిలిచారు. నలుగురంటే ఆపరేటరు, కిటికీ అమ్మాయి, క్యాంటీను అతను, నేను.

"రేపు కొత్త బొమ్మ వేస్తన్నాం. ఆదివారానికి హాలు నిండిందా, నడుపుదాం. నిండలేదా, ఫంక్షన్ హాలుకి అడుగుతున్నాయన ఉన్నాడు, ఇచ్చేస్తాను. మీ నలుగురికీ ముందే చెప్పేను, తర్వాత నన్నేమీ అనకండి" అన్నారు.

ఆపరేటరు వెళ్ళడానికి ఇంకో హాలు లేదు. చుట్టుపక్కలవన్నీ అప్పటికే పెళ్ళిళ్ళు చేయించుకుంటున్నాయి.

శుక్రవారం బొమ్మ పడింది. అందులో హీరో లేడు. గోదారి మధ్య లంకలో ఒక బంగళా, ఒక ముసలి ఆసామీకి షష్టిపూర్తి, వరదొచ్చి పడవలు ఆగిపోయాయి. భోజనాలయ్యాక ఆ ఆసామీ పడక్కుర్చీలో పోయి ఉంటాడు. పులుసులో ఎవరో ఏదో కలిపారు. ఇంట్లో పన్నెండు మంది చుట్టాలు, ఒక వంటవాడు. అందరి మీదా అనుమానమే, అందరి మాటా నవ్వులాటే. నవ్వించాలని తీశారు.

మా జనం నవ్వలేదు. మొదటి ఆటకి ముప్పై మంది ఉంటారేమో, సగం సినిమా దాకా హీరో కోసం ఎదురుచూశారు. విశ్రాంతిలో కాట్రేనికోన నుంచి వచ్చిన చేపలావిడ నా దగ్గరికొచ్చింది.

"ఏవండీ, ఇంతమంది చుట్టాలున్నారు, శవం దగ్గర ఒక్కళ్ళు శోకం పెట్టరేంటండీ. ఇదేం ఇల్లు."

"వంటవాడు ఏడిచేడు కదండి" అన్నాను.

"వాడొక్కడే మనిషి" అని ఆవిడ బజ్జీ తింటూ బయటికి వెళ్ళింది. తిరిగి లోపలికి రాలేదు.

నేను తలుపు దగ్గర పరదా పట్టుకుని నిలబడి చూశాను. చివరికొచ్చేసరికి తెర మీద ఒక ఉత్తరం పడింది. చంపినవాళ్ళు రాసిన ఉత్తరం. ఎవరూ పైకి చదవరు, మనమే చదువుకోవాలి. నాకు ఒళ్ళు పులకరించింది. నాకోసమే వేసినట్టుంది. మొదలుపెట్టాను. "ఆ రోజు అందరూ సావిట్లో ఉండగా వంటింట్లో ఉన్నది నేనే. ఆ పులుసులో" అనేదాకా వచ్చాను. గంట మోగింది.

గేట్లు తీస్తూ ఆలోచించాను. వంటింట్లో ఉన్నది ఎవరు? వంటవాడు. ఇంతోటిదానికి ఉత్తరం ఎందుకనిపించింది. హాలు పోను నా బతుకంతా వంటిళ్ళలో గడిచింది. వంటింట్లోకి అడుగుపెట్టని ఆడమనిషి ఏ ఇంట్లోనూ ఉండదని నాకంటే తెలిసినవాళ్ళు లేరు. ఆ క్షణాన నాకది తట్టలేదు. నేనే చదివాను అన్న సంతోషం తలలో ఉన్న చోటంతా ఆక్రమించింది.

సాయంత్రం ఆటకి ఆత్రేయపురం నుంచి పూతరేకులు చుట్టే ఆడవాళ్ళు ఒక ఆటో నిండా వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ టిక్కెట్టు నా చేతిలో పెట్టి గొంతు తగ్గించి అడిగింది.

"నాకు గుండె దడండి. చంపింది ఎవరో ముందే చెప్పేయండి, స్తిమితంగా చూసుకుంటాను."

"వంటవాడేనండి" అన్నాను.

"మీరు చూసేరా?"

"ఉత్తరం చదివేనండి." ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినబడాలని.

వినబడింది. ఆ ఆటలో హాలు మారిపోయింది. వంటవాడు గరిటె పట్టుకుని తెర మీదకొస్తే చాలు, ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు. వాడు కాఫీ తెస్తే "తాగకండి బాబూ" అని కేకలు. శవం దగ్గర వాడు ఏడుస్తుంటే "ఎంత నటన చేస్తన్నాడండీ" అని చప్పట్లు. శనివారం మొదటి ఆటకి మగవాళ్ళ వైపు కూడా ఆ కబురు పాకింది. పోలీసాయన వంటవాణ్ణి వదిలేసి వేరేవాళ్ళని ప్రశ్నలడుగుతుంటే, గల్ఫు నుంచి సెలవు మీదొచ్చిన ఒకతను లేచి నిలబడి "వెనక్కి చూడండి సారూ, వెనక్కి" అని చెయ్యి చూపించాడు. హాలు గొల్లుమంది.

ప్రతి ఆటకీ నేను బయట గేటు దగ్గరుండగా లోపల్నుంచి పెద్ద రొద వచ్చేది. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత కుర్చీలు దబదబా బాదిన చప్పుడు. వంటవాడు పట్టుబడ్డాడు కాబోలనుకునేదాన్ని. జనం బయటికొస్తూ నన్ను చూసి నవ్వేవాళ్ళు.

"భలే చెప్పేరండీ."

"ఏదో లెండి."

"ఏం తెలీనట్టు మొహం పెడతారేంటండీ."

పూతరేకులావిడైతే నా బుగ్గ గిల్లి వెళ్ళింది. మంచి మాట చెప్పినందుకు ఇంత మర్యాద చేస్తున్నారు, మా వైపు మనుషులు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను.

శనివారం సాయంత్రం ఓనరు గారు తానే గేటు దగ్గరికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఇన్నాళ్ళూ నిన్ను గేటు దగ్గర నిలబెట్టి తప్పు చేసేనమ్మా. పేపర్లో వేయించినా ఇంత జనం రారు. ఎవరు నేర్పేరు నీకీ కిటుకు?"

ఏ కిటుకో నాకు తెలియదు. అడిగితే తెలివితక్కువగా ఉంటుందని "మీ దయండి" అన్నాను.

"రేపు మూడు ఆటలకీ వంటవాడనే చెప్పు. మాట మార్చేవు సుమా. ఈ హాలు నీ నోటి మీద ఉంది."

మాటెందుకు మారుస్తాను అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తింటూ నాలో నేను చాలాసేపు నవ్వుకున్నాను. చదువు ఎంత పని చేసింది అని.

ఆదివారం ఉదయం హాలు ఊడుస్తున్నాను. గేటు దగ్గర గొడుగు చప్పుడైంది. చూస్తే ఘనపాఠి గారు. వేదం చదువుకున్న పెద్దాయన, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాటంటే మాటే. ఆయనకి నవ్వులాట సినిమాలంటే ఇష్టం. కాని సంధ్యవేళకి ఇంట్లో ఉండాలి కనక మాట్నీ పూర్తికాకుండానే లేచిపోయేవారు. ముందు రోజు మాట్నీకి కూడా వచ్చి, వెళ్తూ వెళ్తూ "చివరికెవరమ్మాయ్?" అని అడిగారు. చెప్పాను.

"నువ్వు నిన్న నాకు ఏం చెప్పేవు?" అన్నారు ఇప్పుడు.

"వంటవాడనండి."

"అదే మాట రాత్రి భోజనాల దగ్గర నేను మా ఇంట్లో చెప్పేను. మా మనవరాలు అన్నం గొంతుకి అడ్డంపడేదాకా నవ్వింది. 'తాతగారూ, మీరూ పడ్డారా' అంది."

"పడటమేంటండి?"

"వంటవాడు కాదుట."

చీపురు నా చేతిలో అలాగే ఉంది. "మరెవరండీ?"

"చెప్పదుట. వెళ్ళి చూడమంది. సభలో పలికిన మాట నేనెప్పుడూ వెనక్కి తీసుకోలేదమ్మాయ్. నిన్న పప్పూ అన్నం దగ్గర తీసుకున్నాను."

నాకు అప్పుడు ఒక్కొక్కటీ అర్థమైంది. ఆ నవ్వులు, బుగ్గ గిల్లడం, కిటుకు. జనం నేను కావాలని తప్పుదారి పట్టించాననుకున్నారు. వంటవాడి మీద కన్నేసి కూర్చోబట్టే చివర అంత ఆశ్చర్యపోయి కుర్చీలు బాదారు. తెలివైన మనిషి చెయ్యవలసిన పని, నేను చదవడం రాక చేశాను.

"నాకు తెలీక చెప్పేనండి పంతులుగారండి. చివర నేను చూళ్ళేదు" అన్నాను.

"చూడకుండా ఎలా చెప్పేవు?"

"ఇన్నాళ్ళూ అలాగే చెప్పేనండి."

ఆయన కోపం పోయినట్టే ఉంది. "తెలియక చెబితే తప్పు, దిద్దుకోవచ్చు. ఇప్పుడు తెలిసింది. ఇక చెబితే అబద్ధం" అని గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నేను కుర్చీలో కూలబడ్డాను. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ హాల్లో కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. వంటవాడని చెబితే హాలు నిలబడుతుంది, అది అబద్ధం. కాదని చెబితే జనానికి ఆ సరదా పోతుంది, సాయంత్రానికి నలుగురం ఇళ్ళకి వెళ్తాం. పోనీ అసలు ఎవరో తెలుసుకుందామని ఆపరేటరు గదికి మెట్లెక్కాను.

"అన్నయ్యగారండి, చంపింది ఎవరండి?"

ఆయన నావైపు చూసి పదేళ్ళలో నవ్వనంత నవ్వారు. "నన్నే అడుగుతున్నావా? నా దగ్గరెందుకమ్మా ఈ వేషాలు. కిందికెళ్ళి వాళ్ళ దగ్గర వెయ్యి."

కిటికీ అమ్మాయి దగ్గరికెళ్తే చెవులు మూసుకుంది. "నాకు చెప్పకండి పిన్నిగారూ, నేనింకా చూళ్ళేదు." క్యాంటీను అతను కన్ను కొట్టాడు. అప్పటికి కోనసీమ మొత్తంలో ఆ హంతకుడెవరని అడిగితే జవాబు దొరకనిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ ఒక్కదాన్నీ అందరూ గురువులా చూస్తున్నారు.

నిజమే చెబుదామని తేల్చుకున్నాను. ధైర్యం వల్ల కాదు. ఘనపాఠి గారు మళ్ళీ వస్తే ఆయన మొహం చూడలేనన్న భయం వల్ల.

మొదటి ఆటకే పూతరేకులావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు ఆటోల జనం. తన వదినగార్ని ముందుకి తోసింది.

"అడగండి వదినా, ఈవిడే."

"చంపింది ఎవరండి?" అంది వదినగారు.

"నాకు తెలీదండి" అన్నాను. "నేను మొన్న చెప్పింది తప్పు. వంటవాడు కాదుటండి. ఎవరో నాకు తెలీదు. చివర నేనెప్పుడూ చూళ్ళేదండి, గేటు తియ్యడానికి వచ్చేస్తాను."

పూతరేకులావిడ వదినగారి చెయ్యి పట్టుకుని విరగబడి నవ్వింది. "చూసేరా, చూసేరా. ఎలా చెప్తన్నారో. ముప్పై ఏళ్ళుగా హాల్లో ఉన్న మనిషి చివర చూళ్ళేదుట."

"నిజమండి. ఉత్తరం సగమే చదివేను. నాకు చదువు ఈ మధ్యనే వచ్చింది."

"ఆయ్, ఆయ్. అలాగేనండి. మాకు తెలుసండి." వెళ్తూ నావైపు కొంటెగా చూసి వదినగారితో అంటోంది: "వంటవాడు కాదని ఇంత గట్టిగా చెప్తన్నారంటే వంటవాడే."

అలా మూడు ఆటలకీ చెప్పాను. చెప్పినకొద్దీ నవ్వారు. పక్క ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు సినిమా కంటే ముందు నన్ను చూడాలన్నారు. ఒకావిడ నేను ఒట్టు పెడుతుంటే ఫోనులో వీడియో తీసింది. ఇన్నేళ్ళు ఊహించి చెప్పినదంతా నిజమని నమ్మారు. ఒక్క రోజు ఉన్నదున్నట్టు చెబితే దాన్ని నా నటనన్నారు.

మాట్నీకి హాలు నిండింది. ఓనరు గారు అదనంగా ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. ఆ జనంలో ఘనపాఠి గారు కూడా ఉన్నారు. టిక్కెట్టు నా చేతిలో పెట్టి నేరుగా లోపలికి వెళ్ళారు.

ఈసారి ఎలాగైనా చివర చూసేద్దామనుకున్నాను. పరదా పక్కన నిలబడ్డాను. తెర మీద ఉత్తరం పడింది. మొదటి రెండు వరసలూ వచ్చినవే కనక గబగబా దాటేసి మూడో వరసలోకి దిగాను. "ఆ పులుసులో కలిపింది" దాకా వెళ్ళాను. గంట మోగింది. నిలబడాలనే అనుకున్నాను. కాళ్ళు మాత్రం అప్పటికే గేటు దగ్గరున్నాయి. బయట సాయంత్రం ఆటకొచ్చిన జనం గేటు గడియ టకటకా కొడుతున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు ముందు మూడేళ్ళ చదువు ఏం నిలుస్తుంది.

లోపల ఆ నిశ్శబ్దం వినిపించింది. తర్వాత కుర్చీల మోత. జనం ఎర్రబడ్డ మొహాలతో బయటికొచ్చారు. అందరికంటే చివర, గొడుగు ఊపుకుంటూ ఘనపాఠి గారు వచ్చారు. పొద్దు కొబ్బరిచెట్ల కిందికి దిగిపోయింది. ఆయన పూర్తిగా కూర్చుని చూసిన మొదటి మాట్నీ అదేననుకుంటాను.

దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాను. "పంతులుగారండి, మీరైనా చెప్పండి. ఎవరండి చంపింది?"

ఆయన ఆగారు. నా మొహం చూశారు. నేను నిజంగానే అడుగుతున్నానని ఆ రోజు నమ్మిన మనిషి ఆయనొక్కరే.

"వంటవాడేనమ్మాయ్" అన్నారు.

"అబద్ధం కాదాండీ?"

"ఎలాగూ సంధ్యవేళ దాటిపోయింది. ఇంటికెళ్ళి ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇవ్వాలి. ఇదీ అందులో కలిపేస్తాలే" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. వాన లేదు. నవ్వుతున్నది కనబడకుండా విప్పుకున్నారనుకుంటాను.

హాలు ఆ ఆదివారం గట్టెక్కింది. ఓనరు గారు నాకు చీర పెట్టారు, కిటుకుకి. ఎలా చేశానో ఆయనకి చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను, ఆయనా "ఆయ్, ఆయ్" అన్నారు. తర్వాత కొంతకాలం నడిపి, చివరికి ఫంక్షన్ హాలుకే ఇచ్చారు. ఆపరేటరు పని మానేసే వయసుకి వచ్చాక ఇచ్చారని సంతోషించాను. నేనూ అప్పుడే దిగిపోయాను.

మొన్న కిటికీ అమ్మాయి అత్తారింటినుంచి వచ్చి, ఆ సినిమా ఇప్పుడు ఫోనులో వస్తోందని నా ఫోనులో పెట్టి ఇచ్చింది. ఎక్కడ నొక్కితే బొమ్మ ఆగుతుందో కూడా చూపించింది. మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఉత్తరం పడగానే నొక్కాను. ఆగింది. ఏ గంటా మోగలేదు. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ పలకరించుకుంటూ తొమ్మిది వరసలూ చదివాను. పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారిపోయింది. తొమ్మిదో వరస కింద సంతకం ఉంది. అదీ చదివాను. ఆ మనిషి సినిమా మొత్తం మీద అందరికీ కొసరి కొసరి వడ్డిస్తూ నా కళ్ళెదుటే తిరిగింది.

మర్నాడు కూరగాయల బండి దగ్గర ఘనపాఠి గారు కనిపించారు. బాగా పెద్దవారైపోయారు, గొడుగు ఇప్పుడు చేతికర్ర.

"పంతులుగారండి, ఇన్నాళ్ళకి చివర చూసేనండి" అన్నాను.

"ఎవరమ్మాయ్?"

"వంటవాడేనండి."

"ఆయ్" అన్నారాయన, వంకాయలు ఏరుకుంటూ.